అమోఘశక్తియు భుజక్షిపణియు : తెరపై ఒంటి యస్త్రపు నియమము

కావ్యములందలి ఆయుధవర్ణనలను గూర్చి మన విమర్శకులు వ్రాసినది కొంత కలదు. నాటకరంగమునందలి ఆయుధములను గూర్చి వ్రాసినది స్వల్పము. తెరపై కానవచ్చు ఆయుధమును సాహిత్యవస్తువుగా గ్రహించి, కథలో దాని స్థాన మెట్టిది, దానికి నియమములు కలవా, ఆ నియమములు రసమునకు తోడ్పడుచున్నవా చెరుపుచున్నవా యని విచారించుట మన శాఖలలో ఇంకను అలవాటు కాలేదు. ఆయుధము కథకు ఉపకరణమాత్రమే కదా, దానికి ప్రత్యేకవిమర్శ యేల యని కొందరనవచ్చును. ఉపకరణమాత్రమే యైనచో వాసవశక్తిని తీసివేసియు ద్రోణపర్వమును నడుపగలుగవలెను. అది సాధ్యము కాదని భారతము చదివినవారందరు నెరుగుదురు.

ఈ వ్యాసమున మేము పరిశీలింపదలచిన ఆయుధమొక్కటే. ఒక మనుష్యుడు భుజముపై నుంచుకొని, ఆకాశమున పోవు విమానమునకో హెలికాప్టరునకో గురిపెట్టి విడుచు చిన్నక్షిపణి. దీనికి మన పత్రికలు స్థిరమైన పేరు పెట్టలేదు. కొన్ని ‘భుజముపై నుండి ప్రయోగించు క్షిపణి’ యని దీర్ఘముగా వ్రాయును. కొన్ని గొట్టముగల ప్రతి ఆయుధమును ‘రాకెట్ లాంచరు’ అనివేయును. సౌలభ్యమునకై మేము ‘భుజక్షిపణి’ యను మాటను వాడుచున్నాము.

ఈ విచారమునకు ఆబిడ్స్, నాంపల్లి ప్రాంతములను ఆధారముగా గొనుటకు కారణము కలదు. తెలుగుతెరపై అస్త్రధారులుగా ప్రసిద్ధికెక్కిన నందమూరి తారక రామారావు గారికి చెందిన రామకృష్ణ సినిమాశాల ఒకప్పుడు ఆబిడ్స్‌లో, నాంపల్లి స్టేషనునకు నడకదూరమున నుండెడిది. పౌరాణికచిత్రములను ఈ ప్రాంతపు ప్రేక్షకులు తరములుగా చూచిరి. ఆదివారమునాడు ఆబిడ్స్ కాలిబాటలపై పరచు పాతపుస్తకముల నడుమ వెదకువారికి అప్పుడప్పుడు పాత సినిమాల పాటలపుస్తకములు దొరకును. వానిలో పాటలతోపాటు కథాసంగ్రహము నుండును. అది ‘శేషము వెండితెరపై చూడుడు’ అను ధోరణిలో ముగియును. ఏ చిత్రమున ఏ యస్త్రమునకు ఎంత ప్రాధాన్యమిచ్చిరో తెలియుటకు ఆ నాలుగు పుటలు కొంత ఉపకరించును. ఇక 1946 నుండి నాంపల్లి మైదానమున జరుగుచున్న నుమాయిష్‌లో బొమ్మల అంగళ్ల ముందు నిలిచినవారికి, తెరపై ఆయుధము పిల్లల చేతికి ఎంత వేగముగా దిగివచ్చునో వేరుగ చెప్పనక్కరలేదు.

అన్నిటికంటె ముఖ్యమైన కారణము మరియొకటి. ఈ నగరమే క్షిపణుల పుట్టినిల్లు. భారత్ డైనమిక్స్ సంస్థ 1970లో ఇచ్చటనే యేర్పడినది. 1983లో ఆరంభమైన సమగ్ర క్షిపణి కార్యక్రమము ఇచ్చటి ప్రయోగశాలనుండియే నడచినది. మనుష్యులు మోసికొనిపోగల విమాననాశక క్షిపణిని గూడ హైదరాబాదులోని రీసర్చి సెంటర్ ఇమారత్ రూపొందించినది. 2022 సెప్టెంబరు 27న, మరల 2025 ఫిబ్రవరి 1న ఒడిశా తీరమందలి చాందీపురమున దానిని పరీక్షించిరి. సుమారు 6 కిలోమీటర్ల దూరము పోగల ఆయుధమది. ఆయుధము ఈ ఊరిలో రూపొందుచుండగా, ఈ ఊరి తెరపై కానవచ్చునది దాని నీడయైన కాదనుట మా ఆరోపణ. దానిని నిరూపించుటకు ముందు శబ్దవిచారము కొంత అవసరము.

చేతబట్టి కొట్టునది శస్త్రము, విసరబడునది అస్త్రము అని మనము పాఠశాలలోనే చెప్పుదుము. ‘శస్’ ధాతువునకు కోయుట, ‘అస్’ ధాతువునకు విసరుట యర్థము. అగ్నిపురాణమునందలి ధనుర్వేదభాగము యుద్ధమును యంత్రముక్తము, పాణిముక్తము, ముక్తసంధారితము, అముక్తము, బాహుయుద్ధము అని యైదుగా విభజించినది. నీతిప్రకాశిక విభాగము వేరు. అందు మంత్రముక్తమను నొక తెగ కలదు. భుజక్షిపణిని ఈ తెగలలో నిలుపబోయినచో చిక్కు వచ్చును. మీట నొక్కువరకు అది భుజమును వీడని శస్త్రము. నొక్కినంతనే యంత్రముక్తము. గొట్టమును దాటిన పిదప విడిచినవాని ప్రమేయము లేకయే శత్రువును వెదకికొని పోవును గావున, స్వభావముచే మంత్రముక్తమునకు దగ్గర. ‘క్షిపణి’ యను పదము సంస్కృతనిఘంటువులలో తెడ్డునకును పేరు. నీటిని వెనుకకు త్రోసి ముందునకు పోవు తెడ్డునకును, పొగను వెనుకకు త్రోసి ముందునకు పోవు ఈ ఆయుధమునకును పేరు కలియుట యాదృచ్ఛికమే యైనను ముచ్చటగానున్నది.

ఇట ఒక హెచ్చరిక. ఆర్యులకు విమానములు కలవు, క్షిపణులు కలవు, అణ్వస్త్రములు కలవు అని ప్రతి సంవత్సరము ఏదో యొక సభలో వినుచున్నాము. ఆ వాదముతో మాకు పొత్తు లేదు. పురాణకవులకు లోహశాస్త్రము తెలియునా యనునది మా ప్రశ్న కాదు. ఒక భయంకరమైన ఆయుధమును కథలో ప్రవేశపెట్టినపుడు దానికెట్టి కట్టుబాట్లు విధించినచో కథ నిలుచునో వారికి తెలియునా యనునదే ప్రశ్న. తెలియుననుటకు కర్ణుని శక్తియే సాక్ష్యము.

కుండలాహరణఘట్టమున ఇంద్రుడు కవచకుండలములు గొని శక్తినిచ్చును గదా. ఇచ్చునపుడే షరతులు పెట్టును. అది యొక్కవీరునే చంపును. చంపిన పిదప మరల నింద్రునే చేరును. ఇతరాయుధములుండగా, ప్రాణాపాయము లేకుండగా, ఏమరుపాటున ప్రయోగించినచో ప్రయోగించినవానిపైననే పడును. కర్ణుడు దానిని అర్జునునికై యేండ్లతరబడి దాచును. పదునాలుగవనాటి రాత్రియుద్ధమున ఘటోత్కచుడు మాయచే నాకాశమున నిలిచి క్రిందనున్న సేనపై ఆయుధవర్షము కురియించును. నేలపైనున్నవారికి పైనున్నవాడు కనబడడు, అందడు. కౌరవులు కర్ణుని చుట్టుముట్టి శక్తిని విడువుమని మొరపెట్టుదురు. అతడు విడుచును. శక్తి ఘటోత్కచుని రొమ్ము చీల్చి నక్షత్రమార్గమున పోవును. చచ్చుచు ఘటోత్కచుడు దేహమును పెంచి కౌరవసేనపై కూలును. ఒక యక్షౌహిణి ఆ దేహము క్రింద నలిగిపోవును. పాండవులు దుఃఖించుచుండగా కృష్ణుడు హర్షించును.

నేలపైనుండి ఒక్కడు ఆకాశచారిపై విడుచు ఒంటి యస్త్రమును గూర్చిన కథలలో దీనికి మించినది మాకు తెలియదు. ఇందు రసమునకు మూలము శక్తి ప్రభావము గాదు. రెండవది లేకుండుట. విడువవలసినవాడు ఒకడు, విడువబడినవాడు ఒకడు. నిరీక్షణ, ఒత్తిడి, విడుచుట, విడిచిన పిదప చేయి శూన్యమగుట — ఈ నాలుగు మెట్లును కవి దిగవిడువలేదు. ఐదవది కూడ నున్నది: కూలినదానికి బరువుండుట. ఆకాశమున చచ్చినవాడు ఆకాశముననే మాయము కాడు, ఎవరిమీదనో పడును.

ఇప్పుడు భుజక్షిపణి నిజస్వరూపమును చూతము. సోవియట్ ‘స్ట్రెలా’, అమెరికా ‘రెడ్ ఐ’ 1960ల చివర సేనలలో చేరినవి. అమెరికా వారి ‘స్టింగర్’ 1981 నుండియు, సోవియట్ ‘ఇగ్లా’ రమారమి అదే కాలమునుండియు వాడుకలోనున్నవి. వీనికి సామాన్యమైన సూత్రము విమానపు ఇంజను వేడిని పసిగట్టి దాని వెంట పోవుట. స్టింగర్ సుమారు 15 కిలోల బరువు. గురిపెట్టుటకు ముందు ఒక చిన్న పాత్రవంటి భాగమును గొట్టమునకు బిగింతురు. అందలి ఆర్గాన్ వాయువు క్షిపణికన్నును చల్లబరచును, బ్యాటరీ విద్యుత్తునిచ్చును. దానిని మేలుకొల్పిన పిదప సుమారు 45 సెకండ్లే అది పనిచేయును. ఆ వ్యవధిలో శత్రువును గురిలోనికి తేవలెను. తన పక్షమువాడా పరపక్షమువాడా యని యంత్రముచే ప్రశ్నించవలెను. కన్ను వేడిని పట్టినదని తెలుపు శబ్దమునకై చెవియొగ్గవలెను. గొట్టమును కొంత పైకెత్తి విడువవలెను. వ్యవధి దాటినచో ఆ భాగము పనికిరాదు, క్రొత్తది బిగింపవలెను. విడిచినంతనే పెద్దమంట రాదు. చిన్నమోటారొకటి క్షిపణిని గొట్టమునుండి కొన్ని మీటర్ల ముందునకు త్రోయును. ప్రయోక్త కాలిపోకుండుటకై పిదప గాని అసలు మోటారు అంటుకొనదు. పైనున్నవాడు వేడిదివ్వెలను విడిచి క్షిపణిని ఏమార్చవచ్చును. తగిలినను విమానము ముక్కలు కావలెనను నియమము లేదు: 2003 నవంబరు 22న బాగ్దాదులో ఎడమరెక్కకు క్షిపణి తగిలి, నడుపుటకు వలసిన ద్రవపీడనమంతయు పోయిన యొక సరుకువిమానమును దాని చోదకులు సురక్షితముగ దింపిరి.

పాఠకులు పై రెండు వర్ణనలను ప్రక్కప్రక్కన నిలిపి చూడవలెను. ఒంటి ప్రయోగము, వ్యవధి, స్వపరవిచక్షణ, ఎదిరిపక్షమువారి ప్రత్యస్త్రము, కూలినదాని బరువు — కథకునకు వలసినవన్నియు యంత్రముననే సిద్ధముగా నున్నవి. అతడు కల్పింపవలసినది లేదు, చూపినచాలును. చూపినవారెందరు?

మన పౌరాణికచిత్రములు యంత్రమును ఎరుగవు గాని నియమమును ఎరుగును. 1957లో వచ్చిన ‘మాయాబజార్’లో ఘటోత్కచాభిమన్యుల పోరును గమనింపుడు. కె. వి. రెడ్డి గారి దర్శకత్వమును, మార్కస్ బార్ట్లే గారి ఛాయాగ్రహణమును ఆ కాలపు సాధనములతో చేసిన పనిని నేటి గణకయంత్రపు మాయలతో పోల్చి తక్కువచేయువారు కలరు. ఆ పోలికతో ప్రయోజనము లేదు. ఒక బాణము బయలుదేరినచో మరియొక బాణము దాని కెదురుగా వచ్చుట, రెండును తెర నడుమ కలిసికొనుట, ఒకటి లయించుట — ఈ వ్యాకరణము ప్రేక్షకునకు పాఠము వంటిది. నిప్పునకు నీరు, పామునకు గరుడుడు. ప్రతి ప్రయోగమునకు ప్రతిక్రియ కలదని పల్లెనుండి వచ్చిన ప్రేక్షకుడు సైతము ఎరుగును. బాణము ఎంతసేపు ప్రయాణించును, ఎంతసేపు చూచువాడు ఊపిరి బిగబట్టును అనునదియే అచట లెక్క. 1963 నాటి ‘నర్తనశాల’లో ఉత్తరగోగ్రహణమున అర్జునుడు సమ్మోహనాస్త్రమును విడుచును. ఎదుటనున్నవారు భీష్మద్రోణులు; చంపరాదు, ఓడింపవలెను. ఏ యస్త్రమును విడువరాదో తెలిసి విడిచిన యస్త్రమది. దూరదర్శనమున రామానంద్ సాగర్ గారి రామాయణము (1987–88), బి. ఆర్. చోప్రా గారి భారతము (1988–90) ఈ ఎదురుబాణముల సంప్రదాయమునే సాగదీసినవి. సాగదీసినవనుటలో కొంత విసుగు ధ్వనించినచో అది ఉద్దేశపూర్వకమే. నియమము మిగిలినది, నిరీక్షణ మాత్రము నీరుగారినది.

ఆధునికాయుధము తెరకెక్కిన తీరు వేరు. 1985 నాటి రెండవ రేంబో చిత్రమున నాయకుడు హెలికాప్టరు లోపల కూర్చుండి, ట్యాంకులపై వాడు రాకెట్టుగొట్టమును ముందరి అద్దముగుండ ఎదుటి హెలికాప్టరుపై ప్రయోగించును. అట్టి గొట్టము వెనుకకు చిమ్ము మంట మూసిన గదివంటి ఆ చోటనున్నవారిని బ్రతుకనీయదు. అది విమాననాశకమును గాదు, దానికి వెదకు కన్నును లేదు. 1988 నాటి మూడవ చిత్రము ఇంకను చిత్రము. ఆఫ్గనిస్తానమునకు స్టింగర్ల సరఫరా దాని కథలోని మాట. తెరపై నాయకుడు హెలికాప్టరును కూల్చునది మాత్రము ప్రేలుడుమొనగల బాణముతో! స్టింగర్ మాటలలో మిగిలినది, విల్లు చేతిలోనికి వచ్చినది. మంత్రము లేదు, ప్రత్యస్త్రము లేదు, బాణమునకు లెక్క లేదు. విలువిద్యను పాశ్చాత్యులు మనయొద్దనుండి ఎరువు తెచ్చుకొన్నారని మురియువారు ఈ ఒక్క దృశ్యమును చూచి ఊరకుందురు గాక.

ఈ గందరగోళము మనకు దిగుమతియైనది. నాయకప్రధానములైన మన చిత్రములలో పతాకఘట్టమున ఒక అనుచరుడు గొట్టమును భుజమున కెత్తును, ఎత్తినంతనే మంట, మంట వెలువడినంతనే హెలికాప్టరు నిప్పుముద్ద. ఆ గొట్టము ట్యాంకుపై వాడునదా, విమానముపై వాడునదా యను భేదము కళాదర్శకునకును లేదు, సంభాషణకర్తకును లేదు. రెండింటి భేదము పండితులకు మాత్రమే వలసిన సూక్ష్మము గాదు. మొదటిది కంటితో గురిచూచి కొట్టునది. దగ్గరకు పోవలెను, చేయి వణకరాదు. రెండవది పిలుపునకై వేచి విడుచునది. ధైర్యమునకు రెండు వేర్వేరు రూపములవి. 2001 నాటి ‘బ్లాక్ హాక్ డౌన్’ చిత్రము ఈ విషయమున నిజాయితీ గలది. 1993 అక్టోబరు 3న మొగదిషులో రెండు హెలికాప్టర్లను కూల్చినవి సామాన్య రాకెట్టుగొట్టములే. చిత్రమును వానినే చూపినది. కూలిన హెలికాప్టరే మిగిలిన కథ కంతకును కారణమగుట గూడ అందు చూడవచ్చును. ఘటోత్కచుని దేహపు బరువు వంటిది కొంత అచట కలదు.

స్టింగర్‌నే ప్రధానవస్తువుగా గ్రహించినది 2007 నాటి ‘చార్లీ విల్సన్స్ వార్’. మైక్ నికోల్స్ దర్శకుడు. 1986 సెప్టెంబరు 25న జలాలాబాదు చెంత ఆఫ్గను యోధులు స్టింగర్లతో సోవియట్ హెలికాప్టర్లను కూల్చుట ఆ యుద్ధచరిత్రలో ప్రసిద్ధఘట్టము. చిత్రమున తొలిప్రయోగపు దృశ్యము బాగుగ నున్నది: పైనున్న చోదకులు తమ ఇంటి గొడవలను ముచ్చటించుకొనుచుందురు, క్రిందనున్నవారు క్రొత్త ఆయుధముతో తడబడుచుందురు. ఆ తడబాటునందే మేము చెప్పిన నిరీక్షణ కొంత దక్కినది. ఆ వెంటనే విజయపరంపర వచ్చి పడును. హెలికాప్టర్లు లెక్కకు మారును, మనుష్యులు తప్పుకొందురు. ఒంటి యస్త్రము రాశిగా మారినచోట రసము చెదరును. కర్ణునకు ఇంద్రుడు వెయ్యి శక్తులిచ్చియుండినచో వ్యాసునకు వ్రాయుటకేమి మిగిలియుండును?

ఆశ్చర్యకరమైన సంగతి యేమనగా, సినిమా విడిచిన నియమమును ఆటలు పట్టుకొన్నవి. ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్టు దారిన పోవు కుర్రవారి చేతులలోని చిన్నతెరలను చూచి పెదవివిరుచుట మన తరమునకు అలవాటు. మా విద్యార్థులు వివరించిన మీదట మేము కొంత శ్రద్ధగా చూచితిమి. 2009 నాటి ‘మోడర్న్ వార్‌ఫేర్ 2’ అను ఆటలో స్టింగర్ ఊరక విడుచుటకు వీలుకాదు. గురి పట్టుబడువరకు వేచియుండవలెను. అంతలో మనుష్యుడు శత్రువులకు కానవచ్చుచునే యుండును. 2013 నాటి ‘బ్యాటిల్‌ఫీల్డ్ 4’లో పైనున్న ఆటగాడు వేడిదివ్వెలను విడిచి తప్పించుకొనగలడు, అనగా ప్రత్యస్త్రము కలదు. అందులోనే ఇగ్లా విషయమున ఒక కల్పనయు కలదు. నిజమైన ఇగ్లా విడిచినపిదప తనంత తానే పోవును. ఆటలో మాత్రము తగులువరకు విడిచినవాడు గురిని నిలిపియుండవలెను. శాస్త్రదృష్టిచే ఇది తప్పు. కథనదృష్టిచే మేలైన తప్పు. ఇంద్రుడు శక్తికి షరతు పెట్టినట్లు, ఆట తయారుచేసినవారును రెండు ఆయుధముల నడుమ తూకమునకై ఒక షరతు పెట్టిరి. కారణము స్పష్టము. ఆటకు ఎదుట ప్రతిపక్షి యుండును. నియమము లేనిచో వాడు ఆడడు. సినిమాకు ఎదుట ప్రేక్షకుడే. వాడు టికెట్టు కొనియే యుండెను. ఐనను ఆటలలో కూలినదానికి బరువు లేదు. చచ్చినవాడు మరల లేచివచ్చును. ఐదవ మెట్టు అచట లేనేలేదు.

ఇక ఉపసంహారము. విశ్వామిత్రుడస్త్రముల నుపదేశింపగా రాముడు వాని ఉపసంహారక్రమమును గూడ అడిగి నేర్చుకొనెను. సౌప్తికమున అర్జునుడు తన బ్రహ్మశిరోస్త్రమును మరలించెను. అశ్వత్థామకు మరలించుట చేతగాలేదు, ఉత్తరగర్భముపైకి దానిని పంపెను. 2024 జూన్ 27న విడుదలైన ‘కల్కి 2898 ఏ.డి.’ చిత్రము ఈ ఘట్టముతోనే కథను ఆరంభించుట మేము మెచ్చుకొనదగిన విషయము. మరలింపలేని యొక యస్త్రపు పాపము వేలయేండ్ల తరువాతి కథకు బీజమైనది. కాని తదనంతరభాగమున ఆయుధములు మరల లెక్కలేనివై, మరలింపునకు తావులేనివైనవి. స్టింగర్ల చరిత్రలో ఉపసంహారపర్వము నిజముగనే కలదు. ఆఫ్గనుయుద్ధము ముగిసిన పిదప 1990లలో అమెరికా తాను పంచిన క్షిపణులనే డబ్బిచ్చి తిరిగి కొనుటకు ప్రయత్నించినది, అన్నియు దొరకలేదు. విడిచినవాడే అంగడిలో నిలిచి తన యస్త్రమును బేరమాడుట! ఇంతకంటె నాటకీయమైన వస్తువు మరియొకటి యుండునా? దానిపై ఏ తెలుగు రచయితయు చేయిచేసుకొనినట్లు మేమెరుగము. సంతలో పోయిన అస్త్రము ఎవరి చేతబడునో తెలియదు. 2002 నవంబరు 28న మొంబాసాలో బయలుదేరిన ప్రయాణికుల విమానముపై రెండు స్ట్రెలాలను విడిచిరి. అదృష్టవశమున రెండును తప్పినవి.

క్రిందనుండి పైకి చూచిన కథలనే ఇంతవరకు చెప్పితిమి. పైనున్నవాని మాట మిగిలినది. కార్గిల్ యుద్ధమున 1999 మే 27న సహచరుని జాడ వెదకుచు పోయిన స్క్వాడ్రన్ లీడర్ అజయ్ అహూజా విమానమునకు భుజక్షిపణి తగిలినది. ఆయన మరల రాలేదు. మరునాడు, మే 28న, తోలోలింగ్ ప్రాంతమున ఒక ఎం.ఐ.-17 హెలికాప్టరు భుజక్షిపణిచే కూలి అందున్న నలుగురును మరణించిరి. వరుసలో పోయిన తక్కిన హెలికాప్టర్లకు వేడిదివ్వెలు విడుచు సాధనముండెను, దానికి లేదు. ఆ నలుగురి కథ ఏ తెలుగు తెరపైననైన పూర్తిగా చెప్పబడినచో, తెరపై మంట ఎగిసినపుడు చప్పట్లు కొట్టు చేతులు ఒక్కసారి ఆగునని మా ఊహ. వాయుసేనపక్షమున నిలిచిన తెలుగుచిత్రము 2024లో ‘ఆపరేషన్ వాలెంటైన్’ వచ్చినది. అది వేరొక యుద్ధసందర్భపు కథ. అయినను కెమెరాను చోదకుని ప్రక్కన కూర్చుండబెట్టిన ఆ ప్రయత్నము ఈ దిశలో నొక యడుగు.

మన సంప్రదాయమున ఆకాశచారి ముఖమును ప్రేక్షకునకు దగ్గరగా చూపిన కథ లేకపోలేదు. చిలకమర్తి లక్ష్మీనరసింహము గారి ‘గయోపాఖ్యానము’ను మన తాతలనాటి రంగస్థలము మోసినది; ఆ కథయే 1963లో కె. వి. రెడ్డి గారి ‘శ్రీకృష్ణార్జున యుద్ధము’గా తెరకెక్కినది. గయుడు విమానమున పోవుచు ఉమిసిన తాంబూలము సంధ్యవార్చుచున్న కృష్ణుని దోసిట పడును. నేలపైనున్నవాడు సామాన్యుడు కాడు. చేతిలో సుదర్శనము కలదు, సంహరింతునని ప్రతిజ్ఞయు చేసెను. పైనున్నవాడు చేసిన తప్పు తెలియక చేసినది. నేటి కథకుల చేతిలో పడినచో పది నిమిషములలో విమానము నిప్పుముద్ద యగును, గయుని పేరైనను మనకు తెలియకుండును. చిత్రమున అట్లు కాదు. గయుడు క్రిందికి దిగును, భయపడును, అర్జునుని పాదములపై బడును. అర్జునుడు అభయమిచ్చి పిదప చిక్కును గ్రహించును. కృష్ణుడు విడువలేడు, అర్జునుడు వదలలేడు. సుదర్శనము వంటి యస్త్రము కృష్ణుని చేతిలో అంతసేపు నిలిచియుండుటయే ఆ చిత్రమునకు కథ. రామారావు గారు కృష్ణుడుగా, అక్కినేని నాగేశ్వరరావు గారు అర్జునుడుగా ఎదురెదుర నిలిచిన పోరు ఎంతసేపు సాగినను, ఎవరి యస్త్ర మెవరిని తాకినను, సాంతమున గయుడు బ్రతికియే యుండెను.